సుస్థిరతా ప్రచారం - మాధ్యమ ఎంపిక: ఒక పరిశీలన

వ్యాపార సంస్థల సుస్థిరతా ప్రచారానికి సామాజిక మాధ్యమాన్ని ఎంచుకునేటప్పుడు అది ఎంతమందిని చేరుతుందన్న లెక్క ఒక్కటే చాలదు. అందులో తిరిగి ప్రశ్నించగలవారెవరన్నది అంతకన్నా ముఖ్యం.

హనుమంతునిపాడు మండలం ఉన్న కనిగిరి నియోజకవర్గంలోనే, దివాకరపల్లి వద్ద 2025 ఏప్రిల్ 2న రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి ఇంధనం తీయడం ఈ పథకం ఉద్దేశం. ఇటువంటి పథకం గురించి పెట్టుబడిదారులకు చెప్పడానికి లింక్డ్ఇన్, పాత్రికేయులకు చెప్పడానికి ఎక్స్ అనువైనవి. కానీ వర్షాభావం, ఫ్లోరైడ్ పీడించే ఈ మెట్ట ప్రాంతంలో రైతు మొదట అడిగేది నీటి లెక్క, ఆపై కౌలు. అతనికి తెలుగులో వివరించే యూట్యూబ్ వీడియో, బదులు అడిగే వీలున్న వాట్సాప్ కావాలి. అయితే వాట్సాప్ మాట బయటివారికి కనిపించదు. అందువల్ల అక్కడిచ్చిన హామీ బహిరంగ నివేదికలోనూ ఉండాలి.

2022-23 నుంచి అగ్రశ్రేణి 1000 లిస్టెడ్ కంపెనీలకు సెబీ తప్పనిసరి చేసిన బీఆర్‌ఎస్‌ఆర్ నివేదికలో స్థానిక సమాజాల ఫిర్యాదుల సంఖ్యనూ చూపాలి. ఫిర్యాదు చేసే దారే తెలియని ఊరి నుంచి వచ్చిన సున్నాను సంతృప్తిగా లెక్కించరాదు. ఆ దారి చూపగలిగినప్పుడే మాధ్యమ ఎంపిక సార్థకమవుతుంది.