స్టాండు గురించి అరుస్తాం, హెల్మెట్ గురించి అరవం

సాయంత్రం బడి వదిలే వేళకి మా గేటు ముందు ఎటు చూసినా బండ్లే. పిల్లల్ని తీసుకుపోవడానికి నాయనలు, చిన్నాయనలు, అన్నలు వస్తారు. మొన్న ఒకాయన చిన్నబిడ్డని ముందర నిలబెట్టుకుని, పెద్దోడిని వెనక ఎక్కించుకుని బయలుదేరినాడు. సైడ్ స్టాండు తీయలేదు. గేటు దగ్గరున్న మేమందరం ఒక్కసారిగా "అన్నా, స్టాండు! స్టాండు!" అని అరిచాం. ఆయన గబుక్కున కాలితో స్టాండు ఎత్తి, సిగ్గుగా నవ్వి, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. మేమూ నవ్వుకున్నాం.

ఆయన హెల్మెట్ మోచేతికి వేలాడుతూ ఉంది. దాని గురించి ఒక్కరం కూడా అరవలేదు. నేనూ అరవలేదు. ఆయనా దానికి సిగ్గుపడలేదు.

ఆ రోజు నుంచి నాకు ఒకటే ఆలోచన. బండి నడిపేవాళ్ళు సిగ్గుపడాల్సిన చోట సిగ్గుపడటం లేదు. అంత అవసరం లేని చోట తల దించుకుంటున్నారు. చూసే మనమూ అంతే. ఈ వ్యాసంలో నేను విమర్శించాలనుకున్నది ఇదే.

మా హోసూరులో బండి లేని ఇల్లు దొరకడం కష్టం. ఇక్కడ బండ్లు నడపడమే కాదు, తయారు కూడా చేస్తారు. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ మా ఊరి కర్మాగారం నుంచే బయటికి వచ్చింది. ఇంజిన్ శబ్దం విని రోగం చెప్పేవాళ్ళు మా వీధుల్లో ఉన్నారు. బండి గురించి ఇంత తెలిసిన ఊరికి బండి నడపడం గురించి కూడా అంతే తెలిసి ఉండాలి కదా!

ముందు నవ్వు తెప్పించే తప్పులు చూద్దాం. మలుపు తిరిగి అరగంటయినా ఇండికేటర్ మిణుకు మిణుకుమంటూనే ఉంటుంది. వెనక వచ్చేవాడికి ఈయన ఎటు పోతాడో అర్థం కాదు. సంతలో బండి ఆపి, తాళం బండికే వదిలేసి, జేబులన్నీ తడుముకుంటూ వెతుకుతారు. మా నాయన ఒకసారి పెళ్ళి ఇంటి ముందు కిక్ కొట్టి కొట్టి చొక్కా తడిసిపోయింది. బండి స్టార్ట్ కాలేదు. చివరికి ఒక చిన్నపిల్లవాడు వచ్చి "మామా, ఆ ఎర్ర స్విచ్ ఆఫ్‌లో ఉండాది" అన్నాడు. ఆ కథ మా ఇంట్లో ఇప్పటికీ పండక్కి పండక్కి చెప్పుకుంటాం. నాయన ముఖం ఇప్పటికీ ఎర్రబడుతుంది.

ఇవన్నీ మతిమరుపు వల్ల వచ్చేవి. నలుగురిలో ఒకసారి పరువు పోతే రెండోసారి మనిషి తనే జాగ్రత్తపడతాడు. కానీ చెడు అలవాట్లు అలా కాదు. అవి మరిచిపోయి చేసేవి కావు, తెలిసి చేసేవి.

అందులో మొదటిది హెల్మెట్. మా ఊళ్ళో అది తల మీద తప్ప అన్ని చోట్లా కనిపిస్తుంది. మోచేతికి ఉంటుంది, అద్దానికి తగిలించి ఉంటుంది, పెట్రోల్ ట్యాంకు మీద కూర్చుని ఉంటుంది. బెంగళూరులో పనిచేసే మా చిన్నాయన అత్తిబెలె రాకముందే ఆపి హెల్మెట్ పెట్టుకుంటాడు. తిరిగి వచ్చేటప్పుడు అక్కడ దాటగానే తీసేస్తాడు. అంటే ఆయన హెల్మెట్ తల కోసం కాదు, పోలీసుల కోసం. పెట్టుకున్నవాళ్ళలో కూడా చాలామంది గడ్డం కింద పట్టీ బిగించరు. పట్టీ బిగించని హెల్మెట్ కింద పడేటప్పుడు తలని వదిలేసి తన దారిన తాను ఎగిరిపోతుంది. చట్టం కూడా పెట్టుకుంటే చాలదు, బిగించాలి అనే చెబుతోంది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నాలుగేళ్ళు దాటిన ప్రతివారికీ, వెనక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ తప్పనిసరి. 2019 సవరణ తరువాత లేకపోతే 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకి అనర్హత.

రోడ్డు పక్కన తమిళంలో "తలైక్కవసం ఉయిర్‌క్కవసం" అని బోర్డులు ఉంటాయి. తలకి కవచమే ప్రాణానికి కవచం అని అర్థం. మేము దాన్ని తమిళంలో చదువుతాం, తెలుగులో అర్థం చేసుకుంటాం, ఏ భాషలోనూ పాటించం.

రెండోది ఫోను. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించి, మెడ వంచుకుని నడుపుతారు. వెనక ఏ బండి వస్తోందో చూడటానికి తల తిప్పే వీలు ఉండదు. అద్దాలు ఉన్నా లాభం లేదు, వాటిని తల దువ్వుకోవడానికే వాడతారు. మూడోది ఎదురుదారిలో రావడం. కొంత దూరం పోయి తిరిగి రావాలి కాబట్టి హైవే మీద కూడా అడ్డంగా వచ్చేస్తారు. ఎదురుగా లారీ వస్తే లారీవాణ్ణే తిడతారు. నాలుగోది చీర కొంగు, చున్నీ చక్రం పక్కన వేలాడుతుంటే చూసుకోకపోవడం. చక్రం పక్కన గార్డు ఉండేది అందుకే. అందం చెడుతుందని దాన్ని పీకేసే అన్నలు కూడా ఉన్నారు.

వీళ్ళని అడిగితే అందరూ ఒకే మాట చెబుతారు: "ఇక్కడికే కదప్పా." పాల కోసం పోతే ఇక్కడికే. బడికి వస్తే ఇక్కడికే. డెంకణికోట రోడ్డులో సగం దూరం పోయినా ఇక్కడికే. రోడ్డుకి మన ఇల్లు ఎంత దూరమో తెలియదు కదా. ఇంటి ముందు పడినా తగిలేది అదే తారు.

అందరినీ ఒకే గాటన కట్టి తిట్టడం కూడా న్యాయం కాదు. సిప్‌కాట్‌లో రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చేవారికి ఆ వేళలో బస్సు దొరకదు. నలుగురున్న ఇంటికి ఉన్నది ఒక్క బండే. ఆటోకి రోజూ డబ్బులు పెట్టలేరు. ముగ్గురు ఎక్కడం తప్పే, కానీ కొందరికి అది గొప్పకి చేసే పని కాదు. అయితే పట్టీ బిగించడానికి డబ్బు అక్కర్లేదు. ఫోను జేబులో పెట్టుకోవడానికీ అక్కర్లేదు.

ఇంతమందిని విమర్శించిన నేను నా గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. పోయిన వేసవిలో, నాకు పద్నాలుగేళ్ళప్పుడు, మా చిన్నాయన పాత స్కూటర్ తీసుకుని చెల్లిని వెనక ఎక్కించుకుని అంగడికి పోయాను. ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. ఇద్దరికీ హెల్మెట్ లేదు. ఇక్కడికే కదా! సైడ్ స్టాండు తీయడం మరిచిపోయాను. ఎడమ వైపు సందులోకి తిరగగానే వంగిన బండి స్టాండు నేలకి కొట్టుకుంది. బండి లేచి పక్కకి పడేసింది. నాకు మోచెయ్యి గీసుకుపోయింది. చెల్లికి గడ్డం కింద చీలింది.

నేను మొదట చూసింది చెల్లిని కాదు. ఎవరైనా చూశారా అని చుట్టూ చూశాను. తరువాత దాని ముఖం తుడిచి, "అమ్మణ్ణీ, మెట్ల మీద పడ్డానని చెప్పు" అన్నాను. అది ఇంట్లో అలాగే చెప్పింది. మెట్లు చూసుకుని దిగమని అవ్వ దాన్నే తిట్టింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఏమీ మాట్లాడలేదు.

తరువాత బడిలో రోడ్డు భద్రత గురించి చెప్పినప్పుడు తెలిసింది. గేర్లు లేని 50 సి.సి. లోపు బండికి పదహారేళ్ళు, మిగతా బండ్లకి పద్దెనిమిదేళ్ళు నిండాలి. చిన్నపిల్లలు నడిపి దొరికితే పెద్దలకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు కూడా పడొచ్చు. నేను చేసిన పనికి మా పెద్దలు కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చేది.

ఇప్పుడు గేటు దగ్గర "స్టాండు" అని అందరికంటే గట్టిగా అరిచేది నేనే. ఎందుకో మా స్నేహితులకి తెలియదు. చెల్లి గడ్డం కింద మచ్చ ఇంకా ఉంది. ఈ పత్రిక మా ఇంటికీ వస్తుంది. నాయనా, అమ్మా, అవ్వా, అది మెట్ల మీద పడలేదు. తప్పు నాది. దాన్ని తిట్టినందుకు నన్ను తిట్టండి.

తోటి విద్యార్థులకి ఒక మాట. స్టాండు చూసి అరిచే గొంతు మనకి ఇప్పటికే ఉంది. అదే గొంతుతో "అన్నా, హెల్మెట్!" అని అరుద్దాం. "మామా, పట్టీ!" అని అరుద్దాం. కొందరు కోప్పడతారు, కొందరు నవ్వుతారు. స్టాండు తీయని ఆయన సిగ్గుపడినట్టే కొందరైనా సిగ్గుపడి చెయ్యి గడ్డం దగ్గరికి తీసుకుపోతారు. రేపు సాయంత్రం నేను మొదలుపెడతాను. మొదట అరవాల్సింది మా నాయన మీదే. ఆయన హెల్మెట్ ట్యాంకు మీదే ఉంటుంది.