ఏ భాషలో అడిగారు?

మతిమరుపు అని పెద్దవాళ్లను తీసుకొస్తే, మెదడు పనితీరును పరీక్షించే సైకాలజిస్టుగా నేను ముందుగా అడిగేది ఇదే: ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, బడిలో ఏ భాష చదివారు? చెన్నై తెలుగువాళ్లలో చాలామందికి ఈ రెండూ ఒకటి కావు. పెళ్లి మాటలు, పోట్లాటలు తెలుగులో. పలకా బలపం, బస్సు బోర్డు, రేషన్ కార్డు తమిళంలో.

మా పరీక్షల్లో ఒకటి ఆటలా ఉంటుంది. ఒక్క నిమిషంలో ‘ప’తో మొదలయ్యే మాటలు చెప్పాలి. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు పనికిరావు. మాట వెతుక్కోవడం, నియమం గుర్తుంచుకోవడం, చెప్పిందే మళ్లీ చెప్పకుండా చూసుకోవడం ఎక్కువగా నుదుటి వెనకుండే మెదడు భాగం పని. ‘‘చెప్పండమ్మా’’ అనగానే ఒక పెద్దావిడ ‘‘పాలు, పప్పు, పండు, పీట’’ అని జోరుగా మొదలుపెట్టి, ‘‘బావి, బంతి, బెల్లం’’ అనేశారు. పుస్తకం ప్రకారం అవి మూడు తప్పులు. ఇలా నియమం తప్పుతుంటే ముందరి మెదడు దెబ్బతిందేమోనని అనుమానించాలి. కానీ ఆవిడ అయిదో తరగతి దాకా చదివింది తమిళ బడిలో. ఆ లిపిలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం. ఆవిడ నియమం తప్పలేదు.

ఈ సంగతి ఏ స్కానూ చెప్పదు. 1950లో డాక్టర్ బి. రామమూర్తి మద్రాసు జనరల్ ఆస్పత్రిలో న్యూరోసర్జరీ మొదలుపెట్టిన నాటి నుంచీ మెదడు వైద్యానికి పేరుపడ్డ ఊరిది. గడ్డ ఎక్కడుందో సర్జన్ చూస్తారు. అది తీశాక మనిషి చిల్లర లెక్క చూసుకోగలరా, ఇంటిదారి పట్టగలరా అన్నది మేం చూడాలి.

రెండేళ్ల సైకాలజీ ఎం.ఫిల్‌లో మాకు పరీక్ష పెట్టడం, మార్కులు వేయడం నేర్పారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో శోభినీ రావు, ఆమె సహచరులు 2004లో తెచ్చిన పరీక్షల సంపుటి మాకు పెద్ద ఆసరా. వయసు, చదువు, ఆడా మగా అన్నదాన్ని బట్టి మన దేశపువాళ్ల మార్కులతోనే పోల్చుకోవచ్చు. అక్షరాలూ అంకెలూ కలుపుకుంటూ పోయే పాత పరీక్ష బదులు అందులో రంగులూ అంకెలూ ఉన్నది తీసుకున్నారు. అంకెలు బస్సు నంబర్ల వల్లనైనా వస్తాయి కదా.

రెండు భాషల బతుకు మా పరీక్షకు చిక్కే గానీ మెదడుకు మేలు చేస్తుందేమో. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన ఫలితం ఇది: ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ తేడా ఉంది. అంతమాత్రాన భాష నేర్చుకుంటే మతిమరుపు రాదని ఎవరికీ చెప్పకూడదు. వాళ్లంతా జబ్బుపడి ఆస్పత్రికి వచ్చినవాళ్లే. చదువురాని వాళ్లను పక్కన పెట్టకుండా లెక్కలోకి తీసుకోవడమే నాకు అందులో అన్నిటికన్నా నచ్చింది.

నా రిపోర్టులో మార్కుల పక్కనే ఏ భాషలో అడిగానో, జవాబు ఏ భాషలో వచ్చిందో రాస్తాను. ఏడాదికి మళ్లీ చూసేవాళ్లు అదే భాషలో అడగాలి. లేకపోతే వచ్చిన తేడా జబ్బుదో భాషదో తేలదు. పెద్దవాళ్లను తీసుకొచ్చేటప్పుడు కళ్లజోడు, చెవి మిషను, వాడుతున్న మందులు మరవకండి. ఇంట్లో రోజంతా వాళ్లతో మాట్లాడే మనిషినీ వెంట తీసుకురండి. పొయ్యి మీద పాలు మరిచిపోవడం ఎన్నాళ్లుగా ఉందో ఆ మనిషే చెప్పగలరు.