తొట్లకొండ మీద శాంతరసం

నడకలో ఒక సుఖం ఉంది. ఆసనంలో మరో సుఖం ఉంది. ఆరుబయట, తొందర లేని ఉదయం పూట ఈ రెండూ కలిస్తే పుట్టేది మాత్రం ఆ రెంటి మొత్తం కాదు. అది శాంతరసం. దాన్ని పూర్తిగా ఆస్వాదించాలంటే తెలుగునాట తొట్లకొండను మించిన చోటు లేదని నా నమ్మకం.

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో, మంగమారిపేట దగ్గర, సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున ఉంటుందీ కొండ. రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారు. 1988 నుంచి 1993 దాకా సాగిన తవ్వకాల్లో మహాస్తూపం, చైత్యాలు, భిక్షువుల గదులు, రాతిలో తొలిచిన నీటితొట్లు, శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు కూడా బయటపడ్డాయి. కింద వర్తకుల ఓడలు తిరిగే తీరం, పైన మౌనం. లోకానికి దగ్గరగానే ఉంటూ దాని రొదకు అందనంత ఎత్తులో నిలిచే ఇలాంటి చోటును ఎంచుకున్నవారి రసికతకు చేతులెత్తి మొక్కాలి.

నడకను సాధనగా మలిచింది కూడా ఆ బౌద్ధ సంప్రదాయమే. చంక్రమణమంటే గమ్యం లేకుండా, ఒక హద్దులో అటూ ఇటూ ఎరుకతో నడవడం. జ్ఞానోదయం తర్వాత బుద్ధుడు ఒక వారమంతా అలా నడిచాడని సంప్రదాయం చెబుతుంది. బోధగయలో మహాబోధి ఆలయం పక్కన ఆ నడకకు గుర్తుగా రాతిలో పద్మాలు చెక్కారు. చంక్రమణం వల్ల కలిగే ఐదు మేళ్లను బౌద్ధ గ్రంథం అంగుత్తర నికాయం చెబుతుంది: దూర ప్రయాణానికి ఓపిక వస్తుంది, సాధనకు సత్తువ వస్తుంది, జబ్బులు తగ్గుతాయి, తిన్నది అరుగుతుంది, నడకలో కుదిరిన ఏకాగ్రత చాలాసేపు నిలుస్తుంది. ఒంటికీ మనసుకూ మధ్య గోడ కట్టకుండా, అరుగుదలనూ సమాధినీ ఒకే వరసలో చెప్పిన ఆ చూపు ఎంత ఆరోగ్యకరమైనదో!

ఇప్పుడు ఒక్క అడుగును దగ్గరగా చూడండి. తొట్లకొండ నేల ఖొండలైట్ రాయి చివికి ఏర్పడిన ఎర్రనేల. ఎండ పడితే అందులో గార్నెట్ పలుకులు తళుక్కుమంటాయి. ముందు మడమ ఆనుతుంది. బరువు పాదం బయటి అంచు వెంట ముందుకు జారి, వేళ్ల మొదళ్ల మీదుగా బొటనవేలికి చేరుతుంది. అది నేలను వెనక్కి నెట్టేసరికి రెండో మడమ అప్పటికే నేలను తాకి ఉంటుంది. రెండు పాదాలూ కలిసి ఒంటిని మోసే ఆ క్షణం మామూలు నడకలో మన గమనికకు రాదు. వేగం సగానికి సగం తగ్గించండి, అది తెలుస్తుంది. ఒక కాలు బరువును అప్పగిస్తోంది, రెండోది అందుకుంటోంది. ఇరవై ఆరు ఎముకల పాదం ఎంత మర్యాదగా ఈ పని చేస్తుందో అప్పుడు గాని తెలియదు.

అలా కాసేపు నడిచి ఆగడమే తాడాసనం. నడక ఆగిందంటే సాధన ఆగినట్టు కాదు. తాళంలో సమం ఎలాంటిదో నడకలో ఈ నిలుపు అలాంటిది, లయ అంతా వచ్చి అక్కడ వాలుతుంది. పాదాలు ఆనించి, మోకాళ్లు బిగించకుండా, భుజాలు వదులుగా దించి నిలబడాలి. ఊపిరి పీలుస్తూ చేతులు పైకెత్తాలి, వదులుతూ దించాలి. నడుము సహకరించినంత మేర ముందుకు వంగాలి. తర్వాత వృక్షాసనం. ఒంటికాలి మీద నిలిచినప్పుడు చీలమండ చుట్టూ కండరాలు సన్నగా వణుకుతాయి. సముద్రం మీంచి గాలి తోస్తుంది, పాదం సర్దుకుంటుంది. మళ్లీ తోస్తుంది, మళ్లీ సర్దుకుంటుంది. నాలుగు గోడల మధ్య చదునైన గచ్చు మీద ఈ సంభాషణ ఎక్కడిది? వృక్షాసనం అందం కదలకపోవడంలో లేదు, కదులుతూనే పడిపోకపోవడంలో ఉంది. మోకాలు నొప్పి ఉన్నవారు రెండో పాదాన్ని చీలమండ దగ్గరే ఆనించుకున్నా అందం ఏమీ తగ్గదు.

ఈ దృశ్యాన్ని మన శిల్పులు ఏనాడో చూశారు. మహాబలిపురంలో ఏడో శతాబ్దపు పల్లవ శిల్పులు చెక్కిన మహా శిలాఫలకం మీద ఒక తాపసి చేతులు పైకెత్తి ఒంటికాలిపై నిలిచి ఉంటాడు. అతని తపస్సు చుట్టూ ఏనుగులు, జింకలు, నాగులు, దేవతలు. అంటే నిలబడ్డ మనిషిని ఒంటరిగా చూపలేదు. ప్రాణికోటి నడుమ నిలిపి చూపారు. ఆసనం ఆరుబయటి విద్య అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

పతంజలి ఆసనానికి స్థిరత్వం, సుఖం ఉంటే చాలన్నాడు. అవి కుదిరే దారి కూడా చెప్పాడు: ప్రయత్నాన్ని సడలించి, మనసును అనంతంలో నిలపాలి. గదిలో కళ్లు మూసుకుని అనంతాన్ని ఊహించుకోవాలి. తొట్లకొండ మీద కళ్లు తెరిస్తే చాలు, తూర్పున నీలిగీత దాకా అదే పరుచుకుని ఉంటుంది. చూపు ఆ గీత మీద నిలవగానే దవడ వదులవుతుంది, నుదుటి ముడి విడిపోతుంది, ఊపిరి పొడవవుతుంది.

నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన ఎనిమిది రసాల పక్కన శాంతాన్ని గట్టిగా నిలబెట్టినవాడు అభినవగుప్తుడు. తత్త్వజ్ఞానమే దానికి స్థాయి, అంటే మూలభావం, అన్నాడు. ఆ లెక్కన ఇక్కడ సముద్రం, శిథిల స్తూపం ఆ భావాన్ని మేల్కొలిపే విభావాలు. నెమ్మదించిన శ్వాస, సడలిన ముఖం దాన్ని బయటికి చూపే అనుభావాలు. ధృతి, స్మృతి నడుమ వచ్చిపోయే సంచారులు. నాటకశాలలో ఈ సామగ్రినంతా నటుడు సమకూర్చాలి. ఇక్కడ నటుడూ మనమే, ఆస్వాదించే సహృదయుడూ మనమే. అందుకే నడకనూ ఆసనాన్నీ ఇలా కలిపి చేయడాన్ని వ్యాయామాల జాబితాలో వేసి ఊరుకోలేను. ఇది కళ. కాకపోతే అరంగేట్రం అక్కర్లేని, వయసు అడ్డురాని కళ.

విశాఖ వెళ్లినప్పుడు ఒక ఉదయం ఈ కొండకు ఇవ్వండి. ఫోను జేబులోనే ఉంచండి. ఎండ ముదరకముందే నడవండి, నచ్చిన చోట నిలబడండి, అలసితే కూర్చోండి. స్తూపం ఇటుకల మీద మాత్రం కాలు పెట్టకండి. పక్కనున్న ఎర్రనేల మీ ఆసనానికి చాలు.