డంగు సున్నం పనివాళ్లు

తిరుపతి పక్కనున్న చంద్రగిరి రాజమహల్‌కు వెళ్లినవాళ్లు మ్యూజియంలోని కంచు, రాతి విగ్రహాల ముందు ఆగుతారు. నేను గోడల దగ్గరే ఆగిపోతాను. విజయనగర కాలపు మూడంతస్తుల మేడ అది. కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే లేపారు.

ఇలాంటి గోడలకు మరమ్మతు చేసే మేస్త్రీలంటే నాకెంతో గౌరవం. సున్నాన్ని నీళ్లలో రోజుల తరబడి నానబెట్టాలి. ఇసుక కలిపి గానుగలో వెన్నలా నూరాలి; అదే డంగు సున్నం. పలుచటి పూతలుగా వేస్తూ, ఒక్కసారిగా ఎండిపోకుండా తడుపుతూ ఉండాలి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని అది నెమ్మదిగా రాయవుతుంది. సిమెంటు త్వరగా బిగుస్తుంది, నిజమే. కానీ గోడలోని తేమను బయటికి పోనివ్వదు, పాత ఇటుక లోలోపలే పొడిపొడి అయిపోతుంది. ఆ సంగతి తాపీ పట్టిన చేతికి బాగా తెలుసు.

రాజమహల్ పక్కనున్న రాణిమహల్ కూడా చూడండి. అక్కడా పూతను దగ్గరగా గమనించండి.