దరువులో ఉన్నాడు, పాటలో ఏడీ?

ధూంధాం ఎట్లా మొదలవుతుందో తెలంగాణలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. డప్పు కాగుతుంది. గజ్జె కదులుతుంది. భుజాన గొంగడి వేసుకున్న వాగ్గేయకారుడు తాను కట్టిన పాటను తానే ఎత్తుకుంటాడు, పక్కవాళ్లు అందుకుంటారు. 2002లో కామారెడ్డిలో మొదలైన ఈ రూపం ఊరూరా తిరిగి రాష్ట్ర ఉద్యమానికి గొంతయింది. జనగామ, మానుకోట, భూపాలపల్లి ఆ పాటకు పుట్టిళ్లు. జనగామ దిక్కు రేబర్తిలో పుట్టిన అందెశ్రీ రాసిన పాట 2024లో రాష్ట్రగీతమయింది. 2025 నవంబరులో ఆయన వెళ్లిపోయాడు. జయరాజుది మానుకోట దిక్కు, మిట్టపల్లి సురేందర్‌ది భూపాలపల్లి దిక్కు. ఈ మూడు చోట్లా రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని పాట విన్న నాకు ఒక ప్రశ్న మిగిలింది: ఇందులో సాయిబు ఎక్కడ?

దరువులో ఉన్నాడు. ధూంధాం అన్న పేరే మా ఇండ్లల్లో పెళ్లి సందడికి వాడే ఉర్దూ మాట. పీర్ల పండుగకు అలావా చుట్టూ డప్పు మీద అన్ని కులాలూ కలిసి ఆడే అసోయ్‌దులా ఆట చూసినవాళ్లకు ఈ అడుగులు కొత్త కాదు. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకోవడం అక్కడా ఉంది. కర్బలా దుఃఖం ఈ నేలమీద ఎప్పుడో తెలుగు పాటయింది.

చావులోనూ ఉన్నాడు. భూమి కోసం విస్నూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి హతుడైన షేక్ బందగీ జనగామ ప్రాంతపు రైతు. సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మా భూమి’ నాటకంలో పాత్రయ్యాడు. 1948 ఆగస్టులో రజాకార్లు చంపిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ మానుకోట ప్రాంతంలో పుట్టినవాడు. వేదిక మీద వీళ్ల పేర్లు తలిస్తే చప్పట్లు మోగుతాయి. చప్పట్లు కొట్టించుకోవాలంటే సాయిబు ముందు చావాలి కాబోలు!

మరి బతికున్న సాయిబు? అతని చోట్లో నిజాం వస్తాడు. బండి యాదగిరి కట్టి, ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడిన పాట దొరతనం మీద తిరుగుబాటు. ఆ పాటతో నాకు పేచీ లేదు. పాటకు ముందు మైకు పట్టుకున్న వ్యాఖ్యాత గడీలో దొరను వదిలేసి, నిజాంను కేవలం తురకరాజును చేసినప్పుడే పేచీ. అప్పుడు ముందు వరుసలో కూర్చున్న పంక్చర్ షాపు పిల్లగాడు సంజాయిషీ చెప్పుకోవలసినవాడవుతాడు. వాని తాత ఆ గడీలోనే వెట్టి చేసి ఉండొచ్చు. ఆ సంగతి ఎవరడిగారు?

గోరటి వెంకన్న పల్లె కన్నీటి పాట అడిగింది. కులవృత్తులు కూలిన వరుసలోనే ముస్లిం పిల్లలనూ నిలబెట్టింది. బతుకుదెరువు పోయిన ఊరివాళ్లలో వాళ్లనూ కలిపి లెక్కపెట్టింది. వంద ‘భాయీ భాయీ’ నినాదాలు చేయలేని పని అది.

కానీ మా గురించి ఇంకొకరు పాడితే సరిపోతుందా? 1998లో ‘జల్‌జలా’ వచ్చి కవిత్వంలో మా మాట మేమే చెప్పుకున్నాం. నేను చూసిన ధూంధాం వేదికల మీద ఆ పని ఇంకా మిగిలే ఉంది. దూదేకుల ఇంటి తెలుగు, మా అమ్మల సగం ఉర్దూ సగం తెలుగు గజ్జె కట్టి వేదిక ఎక్కాలి. అందాకా ఎవరు ‘మన పాట’ అన్నా, ఆ ‘మన’లో ఎవరెవరున్నారని అడుగుతూనే ఉంటాం.