సగం విన్నా అందే పదం

వయసు మీదపడి చెవి తగ్గినవాళ్లందరి ఫిర్యాదూ ఒకటే: "వినపడతా ఉంది గానీ ఏమంటా ఉండారో తెలీడం లేదు." పక్కనున్నవాళ్లు ఈ మాట నమ్మరు. వినపడితే తెలియకపోవడమేమిటని గొంతు పెంచుతారు. అప్పుడు "అరవాకు నాయనా, నిదానంగా చెప్పు" అని విసుక్కుంటారు పెద్దవాళ్లు. వాళ్లు చెప్పేది అక్షరాలా నిజం. ఆ నిజాన్ని దగ్గర పెట్టుకుని వాగ్గేయకారుడు సారంగపాణి పదాలు వింటే, ఆయన పనితనంలో మామూలుగా ఎవరూ ఎంచని ఒక గుణం కనబడుతుంది.

సారంగపాణిది కార్వేటినగరం సంస్థానం. పుత్తూరుకు దగ్గర, తమిళనాడు సరిహద్దు దాపున ఉన్న ఊరు. ఆయన కాలం 17వ శతాబ్ది చివర, 18వ శతాబ్ది మొదటి సగం అంటారు. పదాలకు ముద్ర ఊరి దైవం వేణుగోపాలుడు. ఆ గుడి ఇప్పుడు టీటీడీ అజమాయిషీలో ఉంది. క్షేత్రయ్య పదాల్లోని నాయికల పక్కన ఈయన ఆడవాళ్లను నిలబెడితే తేడా వెంటనే తెలుస్తుంది. వీళ్లు వీధిలో మాట్లాడినట్టే మాట్లాడతారు. సామెత విసురుతారు, ఎత్తిపొడుస్తారు, తిట్టాలనుకుంటే తిడతారు.

ముందు చెవి సంగతి. లోపలి చెవిలో కాక్లియా అనే చుట్ట ఉంటుంది. అందులో ధ్వనిని పట్టే రోమకణాలు ఒక్కో చెవికి సుమారు 15 వేలు. చుట్ట మొదట్లో ఉన్నవి హెచ్చు పౌనఃపున్యాలను, కొసన ఉన్నవి తగ్గు పౌనఃపున్యాలను అందుకుంటాయి. వయసుతో ముందు దెబ్బతినేవి మొదట్లో ఉన్నవి. పోయినవి మళ్లీ పుట్టవు. ఎముక విరిగితే పుత్తూరు కట్టుంది గానీ, దీనికి కట్టు లేదు.

మాటలో అచ్చుల బలం ఎక్కువగా 1,000 హెర్ట్‌జ్‌లకు లోపలే ఉంటుంది. 'స' చేసే బుస 4,000 పైమాటే. క, ట, త, ప వేరువేరని చెప్పే గుర్తులు సెకనులో కొన్ని వందో వంతుల సేపు మెరిసి పోతాయి. వాటిలో చాలావరకు 1,000కి పైనే. అందుకే పెద్దాయనకు మాట వినపడుతుంది, అచ్చులన్నీ అందుతాయి, హల్లులు జారిపోతాయి. మనం అరిస్తే పెరిగేది ముఖ్యంగా అచ్చుల చప్పుడే.

పాట, పాత, పాక, పాప. ఈ నాలుగింటినీ చెవి తగ్గిన మనిషి ముందు నోరు కప్పుకుని పలకండి. 'పా' అందుతుంది, చివరి 'అ' అందుతుంది, మధ్యలో ఏదో తెగినట్టు తెలుస్తుంది. ఏది తెగిందో తెలియదు. అదే గడి, గడ్డి పలికి చూడండి. చాలావరకు తేడా పట్టేస్తారు. ద్విత్వం కాలానికి సంబంధించింది, ఎంతసేపు ఆగామన్నది. ఆ కొలత హెచ్చు పౌనఃపున్యాలను అంతగా నమ్ముకోలేదు. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది, దీర్ఘమూ ద్విత్వమూ అర్థాన్నే మార్చేస్తాయి. చెడిపోయిన చెవికి ఇది మిగిలిన ఆస్తి.

ఇప్పుడు పదం దగ్గరికి వద్దాం. పల్లవి, అనుపల్లవి, చరణాలు. పాదాల మొదట్లో రెండో అక్షరం కలవాలి, అదీ ప్రాస. రెండో అక్షరమంటే సరిగ్గా పైన మనం పోగొట్టుకున్న హల్లే! ముందు పాదం 'మాట'తోనో 'బాట'తోనో ఎత్తుకుంటే, తర్వాతి పాదం మొదట్లో 'పా' వినగానే అది పాకా కాదు, పాపా కాదు. ప్రాసకు ముందున్న అక్షరం లఘువైతే లఘువు, గురువైతే గురువు ఉండాలన్న నియమమూ ఉంది. కాబట్టి ఊహించవలసిన మాటలు ఇంకా తగ్గిపోతాయి. యతి వచ్చినచోట పాదం మధ్యలోని అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి, కాబట్టి అదే పని అక్కడా జరుగుతుంది. ఛందస్సు చదివేటప్పుడు ఇవి కవికి వేసిన సంకెళ్లని చెబుతారు. వినేవాడి వైపు నుంచి చూస్తే ఇవి ముందే చేతికందే ఆధారాలు.

ఇవి సారంగపాణి సొంతం కాదు, పద్యం రాసిన ప్రతివాడికీ ఉన్నవే. ఆయన సొంతం ఆ చట్రంలో పెట్టిన భాష. 1951లో జార్జి మిల్లర్, హైస్, లిక్టెన్ అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. రొద మధ్య విడిమాటలు వినిపించారు, అవే మాటలు వాక్యంలో పెట్టి వినిపించారు. వాక్యంలో ఉన్నవే బాగా అందాయి. 1970లో రిచర్డ్ వారెన్ ఇంకో అడుగు వేశాడు. ఒక మాటలోంచి ఒక ధ్వనిని పూర్తిగా తీసేసి అక్కడ దగ్గు అతికించాడు. విన్న 20 మందిలో 19 మంది మాటలో లోపమే లేదన్నారు. లేని అక్షరాన్ని మెదడే పలికించుకుంది. ఇక సామెత సంగతి చెప్పాలా? "కందకు లేని దురద" అని ఎవరైనా ఆపేస్తే కత్తి మన నోట్లోనే ఉంటుంది. నుడికారం నిండిన పదంలో సగం పని వినేవాడు ముందే చేసుకుని వచ్చి కూర్చుంటాడు. అరుదైన సమాసాలు దట్టించిన రచనకు ఈ సౌకర్యం లేదు. ఒక హల్లు జారితే సమాసమంతా కూలుతుంది.

ఆయన చెవిటివాళ్ల కోసం రాశాడని నేననడం లేదు. మద్దెల, గజ్జెలు, జనం గుసగుసలు కలిసిన చోట మంచి చెవి కూడా కొంత చెవిటిదే. అలాంటిచోట నిలబడాలని చేసిన పని ఇది. పైగా పదం అభినయానికి పుట్టింది. ఒకే పాదాన్ని నాలుగైదుసార్లు పాడతారు, ప్రతిసారీ చేతులూ కళ్లూ కొత్తగా దాని అర్థం చెబుతాయి. పెదవులు మాత్రమే చూస్తే ప, బ, మ ఒక్కటిగానే కనబడతాయి, క, గ అసలు కనబడవు. అభినయం ఆ లోటు తీరుస్తుంది.

లోపం లేకపోలేదు. చౌకకాలంలో, అంటే బాగా నిదానంగా పాడేటప్పుడు, ఒక మాట రెండు ముక్కలై, ముక్కకూ ముక్కకూ మధ్య గమకం సాగుతుంది. మొదటి సగాన్ని గుర్తుంచుకుని రెండో సగం కోసం కాచుకోవాలి. పెద్ద వయసులో చెవితో పాటు ఆ ఓపికా తగ్గుతుంది. పైస్థాయిలో పాడేటప్పుడు అచ్చులు కూడా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అక్కడ కాపాడేది మళ్లీ మళ్లీ వచ్చే పల్లవే.

ఇక పిల్లల సంగతి. తిరుపతిలో టీటీడీ బధిర పాఠశాల నడుపుతోంది; వినికిడి లోపమున్న చిన్నపిల్లలకు, వాళ్ల తల్లులకు కలిపి 'శ్రవణం' పేరుతో శిక్షణ ఇస్తోంది. కాక్లియర్ ఇంప్లాంటు పెట్టుకున్న పిల్లలకు 15 వేల రోమకణాల పనిని సాధారణంగా ఇరవై చిల్లర ఎలక్ట్రోడ్లే చేస్తాయి. మాటకు అది చాలు. ధ్వనిని నాలుగే పట్టీలుగా కుదించినా నిశ్శబ్దంలో వాక్యాలు అర్థమవుతాయని 1995లో రాబర్ట్ షానన్ బృందం చూపింది. రాగానికి మాత్రం అది చాలదు. స్వరాల మధ్య సన్నని తేడాలు ఇంప్లాంటుకు సరిగా అందవు. అలాంటి పిల్ల పదం వింటే మిగిలేవి తాళం, మాట, ప్రాస. సారంగపాణి పదం ఆ మూడింటి మీద కూడా నిలబడగలదు. రాగాన్నే నమ్ముకున్న రచనల్లో చాలావాటికి ఆ బలం లేదు.

చిక్కల్లా ఇప్పుడు ఇంకోచోట ఉంది. ఊహించి నింపుకోవాలంటే నుడి ముందే తెలిసుండాలి. కార్వేటినగరం పక్క పల్లెలో చెవి సగం పోయిన అవ్వ పదంలోని ఎత్తిపొడుపును పాదం పూర్తికాకముందే అందుకుని నవ్వుతుంది. ఆమె మనవడికి ఇయర్‌ఫోన్‌లో ప్రతి హల్లూ శుభ్రంగా వినపడుతుంది, "ఏమన్నిందవ్వా?" అని అడుగుతాడు.