పొడుపు రసానికి అడ్డమా? – ‘ప్రొఫెసర్ లేటన్’ క్రీడాకథల పరిశీలన

వ్యాససంగ్రహం: చేతిలో పట్టుకొని ఆడే వీడియోగేముల్లో పొడుపుకథనూ అపరాధపరిశోధక కథనూ కలిపిన పరంపర ‘ప్రొఫెసర్ లేటన్’. దానిని సాహిత్యవిమర్శ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. ప్రహేళిక రసానికి విరోధి అన్న విశ్వనాథుని అభిప్రాయాన్ని గీటురాయిగా తీసుకొని, భేతాళకథలతోనూ ఉత్తరాంధ్ర పల్లెల్లోని పొడుపుకథల వాడుకతోనూ ఈ క్రీడాకథలను పోల్చడం జరిగింది. మొదటి, మూడవ క్రీడాకథలు ప్రధాన ఆకరాలు.

కీలకపదాలు: ప్రహేళిక, పొడుపు–విడుపు, క్రీడాకథ, రసవిరోధం, భేతాళకథలు, ఉత్తరాంధ్ర జానపదం.

ఉపోద్ఘాతం

పాలకొండ ప్రాంతంలోని మా ఊళ్లో, వేరుశెనగకాయలు వలిచే రాత్రుల్లో మా మామ్మ పొడుపుకథలు వేసేది. విప్పినవాళ్లకు తిరిగి వేసే హక్కు వచ్చేది. విప్పలేనివాళ్లు ఓడినట్టు పైకి ఒప్పుకుంటేనే ఆమె విడుపు చెప్పేది. ఇటీవల మా కళాశాలలో ఒక డిగ్రీ విద్యార్థి తన ఫోన్‌లో ఒక ఆట చూపించాడు. మూడు తోడేళ్లు, మూడు కోడిపిల్లలు, ఒక తెప్ప. తెప్ప మీద ఒకసారికి ఇద్దరికే చోటు. ఏ గట్టునైనా తోడేళ్ల సంఖ్య కోడిపిల్లల సంఖ్యను మించితే పిల్లలకు చావు. “ఇది మన పులీ, మేకా, గడ్డిమోపూ కథే కదండీ!” అన్నాడు. ఆ మాట నిజమే. అయితే ఆ పోలిక ఎంతదూరం నిలుస్తుందో చూడాలనిపించింది. ఈ వ్యాసానికి ప్రేరణ అదే.

క్రీడాకథ స్వరూపం

‘ప్రొఫెసర్ లేటన్’ పరంపరను జపాన్‌లోని ఫుకువోకా నగరానికి చెందిన లెవెల్-5 సంస్థ నిర్మించింది. తొలి క్రీడాకథ ‘క్యూరియస్ విలేజ్’ 2007లో నింటెండో డీఎస్ అనే చేతియంత్రం మీద వెలువడింది. తరువాత ఫోన్లకూ వచ్చింది. సంస్థాపకుడు అకిహిరో హినో దీనికి మూలపురుషుడు కాగా, పొడుపులను సమకూర్చినవాడు అకిరా తాగో అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు. 1966లో మొదలైన ఆయన మెదడు కసరత్తు పుస్తకాలు జపాన్‌లో ఇంటింటికీ తెలిసినవి. ఆయన 2016లో మరణించాడు. అంటే ఈ పరంపరకు మూలం తెర కాదు, పుస్తకం. పావులూరి మల్లన తెనుగు చేసిన గణితంలో లెక్కకు కథ చొక్కా తొడిగినట్టే, ఇక్కడా తర్కానికి ఒక ఊరూ, మనుషులూ, ఒక రహస్యమూ తొడిగారు.

ఆట తీరు సులభం. పొడుగు టోపీ పెట్టుకున్న ఆచార్యుడు లేటన్, అతని బాలశిష్యుడు లూక్ ఒక ఊరు చేరతారు. దారిలో ఎదురైన ప్రతివాడినీ ఏదో ఒకటి అడగాలి. అడిగితే అతడు తన పొడుపు వేస్తాడు. విప్పితే విలువ జమ అవుతుంది; తప్పు చెబితే ఆ విలువ కొంత తరుగుతుంది. దృశ్యాల్లో దాగిన నాణేలను ఏరుకొని, వాటిని ఖర్చుపెట్టి సూచనలు కొనుక్కోవచ్చు. ఆటగాడు దాటిపోయిన పొడుపులన్నీ ఊళ్లో ఒక ముసలవ్వ గుడిసెకు చేరి ఉంటాయి. ఎప్పుడైనా వెళ్లి విప్పుకోవచ్చు. ఊరు మరచిన పొడుపులను అవ్వ దాచిపెడుతుందన్న ఈ ఊహ జపానువారిదే అయినా, మా మామ్మను ఎరిగిన నాకు అది పరాయిగా తోచలేదు.

విశ్వనాథుని ఆక్షేపణ

అలంకారికులలో ప్రహేళిక విషయమై ఏకాభిప్రాయం లేదు. దండి కావ్యాదర్శం మూడవ పరిచ్ఛేదంలో పదహారు రకాల ప్రహేళికలను వివరించి, వినోదగోష్ఠుల్లోనూ, పదిమంది నడుమ తెలిసినవారితో రహస్యంగా మాట్లాడడానికీ, ఎదుటివారిని తికమకపెట్టడానికీ వాటికి ప్రయోజనం ఉందన్నాడు. సాహిత్యదర్పణకర్త విశ్వనాథుడు అలా అనలేదు. ప్రహేళిక రసానికి అడ్డు తగులుతుంది కనుక అది అలంకారమే కాదనీ, కేవలం ఉక్తివైచిత్ర్యమనీ తోసిపుచ్చాడు. విశ్వనాథుడు కళింగదేశీయుడు. శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగమే గాంగుల రాజధాని కళింగనగరమని చరిత్రకారులు గుర్తించారు గనుక, ఆయనను మనం పొరుగింటివాడిగానే భావించవచ్చు. కానీ ఆ పొరుగుపల్లెల వినోదగోష్ఠులకు ఆయన తీర్పు సరిపడదు.

లేటన్ పరంపరకు ఈ ఆక్షేపణ సూటిగా తగులుతుంది. ఒక హత్య గురించి అడిగితే ఊరివాడు కొవ్వొత్తుల లెక్క వేస్తాడు. పది కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. గాలికి ముందు రెండు, తరువాత మరొకటి ఆరిపోయాయి. ఇక గాలి రాలేదు. చివరికి మిగిలేవి ఎన్ని? ఏడు అన్నవాడు ఓడినట్టే. వెలిగేవి ఏడూ కరిగిపోతాయి, ఆరిన మూడే మిగులుతాయి. ‘మిగలడం’ అన్న క్రియను మనం ఎంత తొందరగా అర్థం చేసుకుంటామో ఈ పొడుపు పట్టిస్తుంది. ఆ మేరకు ఇది మంచి పొడుపు. కానీ హత్య సంగతి ఏమైంది? భయానకమో, కరుణో మొలకెత్తుతున్న చోట బుద్ధి వచ్చి కూర్చుంది. తరువాతి క్రీడాకథల్లో ఈ లోపం మరింత ప్రస్ఫుటం.

పొడిచేవారు ఎవరు?

అయితే తొలి క్రీడాకథను తుదివరకూ ఆడినవారు ఈ ఆక్షేపణను పునరాలోచించక తప్పదు. (కథాంతం తెలియకూడదనుకునే చదువరులు ఈ భాగాన్ని దాటవచ్చు.) జమీందారు రైన్‌హోల్డ్ వీలునామాలోని ‘బంగారు ఆపిల్’ను వెతకడానికి లేటన్ ఆ ఊరికి వస్తాడు. చివరికి తెలిసేది ఇది: ఊరివాళ్లెవరూ మనుషులు కారు, యంత్రపురుషులు. తండ్రి పోయిన తన కుమార్తె ఫ్లోరాను బుద్ధిమంతుడైన ఒక సంరక్షకుడు వచ్చి చేరేదాకా కాపాడడానికీ, వచ్చినవాణ్ని పరీక్షించడానికీ జమీందారే వాళ్లను చేయించాడు. బంగారు ఆపిల్ ఆ పిల్లే.

అంతవరకు మనం లోపమనుకున్నది ఒక్కసారిగా హేతువైపోతుంది. ఊరివాళ్లు సమయం, సందర్భం లేకుండా పొడుపులు వేయడం కథలోని అసహజత కాదు. చనిపోయిన ఒక తండ్రి ఏర్పాటు. ఇంతసేపూ తెలివితేటల విన్యాసంగా కనిపించినది, వెనుదిరిగి చూస్తే వాత్సల్యంగా కనిపిస్తుంది. పొడుపు ఇక్కడ రసానికి అడ్డు కాలేదు. రసాన్ని దాచి, ఆలస్యంగా అందించింది. విశ్వనాథుడు ఒంటరి పద్యంగా ఉన్న ప్రహేళికను చూశాడు. ఎవరు పొడుస్తున్నారు, ఎందుకు పొడుస్తున్నారు అన్నది కథలో భాగమైన ప్రహేళికకు ఆయన తీర్పు వర్తించదని నా అభిప్రాయం.

‘చందమామ’ ద్వారా తెలుగు పిల్లలకు తరతరాలుగా చేరిన భేతాళకథల్లో ఈ సంబంధం ఇంకా గట్టిది. ప్రశ్న కథలోంచే పుడుతుంది. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనభంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. విడుపే మళ్లీ పొడుపును తెస్తుంది. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ మరో దారి: మజిలీలో చూసిన వింతను గురించి గొల్లపిల్లవాడు అడుగుతాడు, మణిసిద్ధుడు కథ చెబుతాడు; అక్కడ కథే విడుపు. లేటన్ రచయితలు ఈ రెండు దారులకూ దూరంగా, పొడుపును ఊరివాళ్ల నోట చిల్లర నాణెంలా ఉంచారు. తొలి కథలో ఆ నాణెం మీద ఒక తండ్రి ముఖం ఉంది. రెండవ కథ నుంచి అది ఉత్త నాణెం.

టోపీ తీసిన క్షణం

మూడవ క్రీడాకథ ‘అన్‌వౌండ్ ఫ్యూచర్’ 2008 నాటిది. పదేళ్ల కిందట కాలయంత్ర ప్రయోగంలో చనిపోయిందనుకున్న క్లెయిర్ కాసేపటికోసం లేటన్ ముందు నిలుస్తుంది. తిరిగి ఆ మరణక్షణానికే వెళ్లాలి. మంచు కురుస్తుంది. ఆమె కానుకగా ఇచ్చిన, ఎన్నడూ తీయని టోపీని అతడు తీస్తాడు. పరంపర మొత్తంలో ఇంతటి కరుణ మరెక్కడా లేదు.

ఆ వీడ్కోలులో ఒక్క పొడుపు కూడా లేదు. నిర్మాతలకే తెలుసు, అక్కడ పొడుపు వేస్తే రసభంగమని. ఈ ఒక్కచోట వారు తెలియకుండానే విశ్వనాథుని పక్షాన నిలిచారు.

తిరిగి వేసే హక్కు

తెలుగులో పొడుపుకథల సేకరణకు లోటు లేదు. కసిరెడ్డి వెంకటరెడ్డి వంటి వారి పరిశోధన ఆ రంగానికి పునాది వేసింది. అయితే సాధారణంగా మన సంకలనాలు వస్తువును బట్టి వర్గీకరిస్తాయి: చెట్లు, జంతువులు, పనిముట్లు, శరీరావయవాలు. పొడుపు పక్కనే విడుపు అచ్చవుతుంది. ఎవరు ఎవరికి వేశారు, ఏ పని చేస్తూ వేశారు, విప్పలేనివాడు ఏమన్నాడు – ఇవేవీ పుట మీదికి రావు. నేను ఎం.ఏ.లో ఉండగా మా ఊళ్లో సేకరించిన నోటుపుస్తకంలోనూ రాలేదు. ఇప్పుడు అడుగుదామంటే మామ్మ లేదు. ఒక వినోదసంస్థ మాత్రం ప్రతి పొడుపుకూ ఒక ముఖం, ఒక వీధి, ఒక వేళ ఇచ్చింది. క్షేత్రపర్యటనకు వెళ్లే పరిశోధకులు ఈ ఆటను ఒకసారి ఆడితే నష్టం లేదంటాను, నవ్వేవారు నవ్వనీ.

అనువాదం సంగతీ ఇక్కడే ప్రస్తావించాలి. జపాను లిపి మీద ఆధారపడిన పొడుపులను ఇతర భాషల్లోకి తేలేక, వాటి స్థానంలో వేరే పొడుపులు పెట్టారు. తెలుగు రూపం లేదు. వస్తే అక్షరాల పొడుపులకు బదులు మనకు గుణింతం, ఒత్తులు, చ్యుతాక్షరి, అవధానాల్లోని నిషిద్ధాక్షరి ఉన్నాయి. అజ్జాడలో పుట్టి విజయనగరంలో వెలిగిన ఆదిభట్ల నారాయణదాసు అష్టావధానాలు చేసిన నేల ఇది. పృచ్ఛకుడు అడ్డు తగిలేకొద్దీ పద్యం పదునెక్కే ఆ క్రీడలో అడ్డూ రసమూ ఒకే వేదిక మీద కూర్చుంటాయి.

ఇంత చెప్పినా ఒక లోటు ఈ ఆటలో తీరలేదు. నూటికి పైగా పొడుపులు విప్పినా ఆటగాడికి ఒక్కటి తిరిగి వేసే అవకాశం దాదాపు లేదు. యంత్రం అడుగుతుంది, మనిషి చెబుతాడు. మా వాకిట్లో విప్పినవాడే మరుసటి పొడుపరి. ఏడేళ్ల పిల్ల విప్పితే డెబ్భై ఏళ్ల మామ్మ కాయలు వలవడం ఆపి ఆలోచించేది. ఆ విద్యార్థి ఫోన్ నా చేతికిచ్చి తోడేళ్లను దాటించమన్నాడు. మూడుసార్లు తప్పాను. నాలుగోసారి దాటించాక, ఫోన్ తిరిగి ఇచ్చేసి, మా మామ్మ వేసిన పొడుపొకటి అతనికి వేశాను. ఇంకా విప్పలేదు.